తాడులో ముందు మనిషి

"మళ్లీ నా ముందరే నిలబడ్డావేందయ్యా?" అన్నాడు గంగాధరం.

ఈమధ్యే గుంపులో చేరిన కొత్తమనిషి ముందుకు వంగి తాడు పట్టుకున్నాడు.

బోగోలు దాటాక వచ్చే సముద్రపు ఒడ్డు అది. పదిమందీ కలిసి ఒడ్డు మీదికి అలివి వల లాగుతున్నారు. తాడు పట్టినవాడికే చేపల్లో పాలు. పట్టలేనివాడి చోటు ఇంకొకడిది. పడినవాడు లేచేదాకా ఆగే లోకం కాదు ఇది.

గంగాధరానికి కుడి గజ్జలో నిమ్మకాయంత గడ్డ. బరువు లాగితే బయటికొస్తుంది, పడుకుంటే లోపలికి పోతుంది. గుడ్డ బిగించి, పైన లుంగీ కట్టి దాచుకొస్తున్నాడు. పెళ్లాం కామమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

వల ఒడ్డుకొచ్చింది.

"ఈమధ్య తాడు భలే తేలిగ్గా వస్తా ఉండాదే!" అన్నాడు గంగాధరం పక్కనున్న వినోద్‌తో.

"సముద్రానికి నీ మీద మనసైంది లేన్నా!"

గంగాధరానికి నవ్వు రాలేదు. కొత్తవాడి చూపు తన గజ్జ మీదే ఉంది. వీడికి తెలిసిపోయింది. రేపు అందరికీ చెప్తాడు. చోటు కొట్టేస్తాడు.

"ఏందిరా చూస్తా ఉండావు? నా చోటు కావాల్నా?"

"కాదన్నా. నువ్వు లాగొద్దు. ఆస్పత్రికి పో."

"చెప్పేదానికి నువ్వెవుడివిరా?"

గుప్పెడు ఇసుక తీసి మొహాన కొట్టాడు. కొత్తవాడు కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు తాడు కదల్లేదు. గంగాధరం పళ్లు బిగించి లాగాడు. గజ్జలో కలుక్కుమంది. పడుకున్నా గడ్డ లోపలికి పోలేదు. ఒకటే వాంతులు. ఆటోలో కావలి ఆస్పత్రికి తీసుకుపోయారు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ అడిగింది. "పేగు ఇరుక్కుంది. ఇంకాస్త ఆలస్యమైతే కుళ్లిపోయేది. పొట్ట గోడలో కండ చిరిగి ఉంది. ఎప్పుడైనా దెబ్బ తగిలిందా?"

"పోయినేడు సముద్రంలో పక్కూరోళ్లతో కొట్లాటమ్మా. ఎవుడో తెడ్డుతో పొడిచినాడు. మొహానికి తువ్వాలు చుట్టుకోనుండె."

"మూడు నెలలు బరువు ముట్టుకోవద్దు."

సాయంత్రం వల యజమాని హజరత్తయ్య చూడ్డానికొచ్చాడు.

"నా చోటు పోయినట్టే గదా మామా?"

"నిలబెట్టేవాడొకడు ఉండె. నువ్వే ఇసక కొట్టి తరిమితివి."

"వాడా?"

"తాడు తేలిగ్గా ఎట్టా వచ్చిందనుకున్నావు? ముందర నిలబడి నీ బరువూ వాడే లాగినాడు. చేపల్లో తన పాలు గూడా తీసుకోలే."

గంగాధరం లేవబోయాడు. కుట్లు లాగాయి.

"పిలిపించు మామా. కాళ్లు పట్టుకుంటా."

"యాడ పిలిచేది? మద్రాసు బస్సెక్కినాడు. ఇంక రాడు."

"నాకేమవుతాడని లాగినాడు?"

హజరత్తయ్య కుర్చీ మంచం దగ్గరికి జరుపుకున్నాడు.

"వచ్చిన పొద్దే నాకు చెప్పినాడు. నీకు చెప్తే వాడిని తాడు పట్టనిస్తావా? తువ్వాలు చుట్టుకోని నిన్ను తెడ్డుతో పొడిచినోడు వాడేరా."