గృహప్రవేశానికి హౌస్ మ్యూజిక్

పొయ్యి మీద పాలింకా పొంగనే లేదు, వసారాలోని నల్ల స్పీకరు పెట్టెలు దబ్ దబ్ దబ్ దబ్‌మని అదరడం మొదలుపెట్టాయి. పురోహితుడు మంత్రం మధ్యలో ఆగిపోయాడు. కొత్తింటి యజమాని గంగాధరంశెట్టి పట్టుపంచె ఎగదోపుకుని బయటికొచ్చాడు.

"ఏమప్పా జయకుమార్, ఇది గృహప్రవేశమా, రోకళ్ళతో వడ్లు దంచే పనా?"

జయకుమార్ గబగబా సీడీ ఆపేశాడు. అతని డీజే సెట్టుకు మైదుకూరులో ఇదే తొలి పిలుపు.

"మీరే గద సార్, హౌస్ మ్యూజిక్ కావాలంటిరి."

"నీ బోర్డు మీద రాసుంటే, ఇంట్లో చేరేటప్పుడు వాయించేదనుకుంటినప్పా. హౌస్ అంటే ఇల్లు గదా."

చుట్టాలు నవ్వారు. ఇప్పుడు పెట్టెలు సర్దుకుని వెళ్ళిపోతే మధ్యాహ్నానికల్లా బజారంతా తెలిసిపోతుంది, ఇంకెవరూ పిలవరు. అందుకే జయకుమార్ ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. ఈ పేరుకూ ఇంటికీ సంబంధం లేదు. అమెరికాలో చికాగో అనే ఊళ్ళో, ఒక పాత వేర్‌హౌస్‌లో మొదలైంది కనుక హౌస్ అన్నారు. ఇందులో మాటల కన్నా దరువు ముఖ్యం. గుండె కొట్టుకున్నట్టు ఒకే తీరున, ఎక్కడా తప్పకుండా నడుస్తుంది.

"బయట యాడా రానీయని నల్లోళ్ళు ఆడ చేరి ఎగిరేటోళ్ళంట సార్. వాళ్ళ కోసం పుట్టిన పాట."

"వేర్‌హౌసంటే గిడ్డంగే గదా? మన శెనక్కాయల గిడ్డంగి ఎనకాలుండాది. ఆడ పెట్టుకోపో."

ఈసారి పురోహితుడు కూడా నవ్వాడు.

జయకుమార్ తల వంచుకుని పెట్టెలను పెరట్లోకి ఈడ్చుకెళ్ళి, గిడ్డంగి తలుపు తోశాడు. లోపల శనగకాయల బస్తా మీద ఒక పెద్దావిడ ఒంటరిగా కూర్చుని ఉంది. కొత్త చీర, బోసి నుదురు. అతన్ని చూసి కొంచెం జరిగి, పెట్టెలకు చోటిచ్చింది.

ఇక్కడెందుకు కూర్చున్నారని అడిగాడు.

"మొగుడు పోయినదాన్ని నాయనా. పాలు పొంగేదాకా ఎదురుపడగూడదంట." పెట్టె మీద చెయ్యి వేసి, "నువ్వు చెప్పిందంతా కిటికీలోంచి వింటి. ఆ పాట మళ్ళా పెట్టు" అంది, గోడకున్న ప్లగ్గు చూపిస్తూ.

"శెట్టిగారు వింటే కోప్పడతారమ్మా."

"కోప్పడనీలే. వాణ్ణి కన్నది నేనే."