కూరలో గుండు

గురునాథరావుకి ఆదివారం అడవికోడి కూర లేనిదే ముద్ద దిగదు. ఫారం కోడి దూదిలా ఉంటుందట.

అతని భార్య నూకాలమ్మకి అడవికోళ్లని చంపించడం ఇష్టం లేదు. అందుకని వాళ్లుండే క్యాంప్ 1 కాలనీ బజార్లో ఫారం కోడే కొని, మసాలా దట్టించి, సైకిల్ బేరింగు గుండొకటి కూరలో పడేసేది. పంటికి అది టక్కున తగలగానే ఆయన మురిసిపోయేవాడు.

"తుపాకీ గుండే! అసలు సరుకంటే ఇదీ!"

ఉక్కు ప్లాంట్ ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లే తప్ప పానా పట్టని మనిషి. ఆ గుండుని సందంతా తిప్పి చూపించేవాడు. ఎన్ని కోళ్లని బతికించానో అని నూకాలమ్మ లోలోపల నవ్వుకునేది.

ఈ ఆదివారం భర్తకి వడ్డించేశాక, కూరలో వేయడం మరిచిన గుండు ఆమె చేత్తో పట్టుకుని ఉండగా తలుపు చప్పుడైంది. బయట ఎవరో కొత్త మనిషి. అతని సంచిలో రెక్కలు కొట్టుకుంటున్నాయి.

"జంగ్లీ ముర్గీ, దీదీ, అసలైన అడవికోడి. రావు సాబ్ గుండు చూపించిన కాణ్ణించి గల్లీ మొత్తం నా దగ్గరే కొంటోంది. మీ ఇంటికి రావడమే మొదటిసారి."

నూకాలమ్మ గుప్పిట్లో గుండు అలాగే ఉండిపోయింది.

లోపల్నుంచి కేక వినిపించింది. "ఏటే నూకాలూ, ఈయేళ గుండు తగల్లేదేటి?"