సంయుక్త లాగిన్

"అంగళ్ల ఆర్డర్లొచ్చే కంప్యూటర్ క్యూలన్నీ నీ లాగిన్ కిందే పెట్టుకోనుండావు. నిన్ను పనిలోనుంచి పంపిస్తే వ్యాపారం నిలిచిపోవాలనే గదా? ఈడ నీ ఆటలు సాగవు" అన్నాడు శివరామ్, చూలైలోని మందుల హోల్‌సేల్ ఆఫీసు మేనేజర్.

సంయుక్త బ్యాగు సర్దుకుంటూనే ఉంది. "నా లాగిన్ తీసేసి చూసుకోండి సార్."

తీసేశాడు. ఆర్డర్లు ఎప్పటిలాగే కదిలాయి. అంగడికొక లాగిన్ ఆమె ఎప్పుడో చేసిపెట్టింది.

"ఇంక పో" అన్నాడు.

ఆమె మెట్లు దిగేసరికి ఒక్క క్యూ మాత్రం నిండటం మొదలైంది. మందు కోడ్ తప్పుగా ఉందని సర్వర్ తిప్పికొట్టిన ఆర్డర్లు అందులో పడతాయి. మూడేళ్లుగా వాటిని ఒక్కొక్కటే సరిదిద్ది మళ్లీ పంపింది సంయుక్తే.

శివరామ్ తెరిచి చూశాడు. అన్నీ, ఎవరినీ నమ్మక తాను స్వయంగా ఎక్కించే ఫోను ఆర్డర్లే.