శుభ్రమైన సీసా

“మూడు రకాలు కలిపి మింగాడు మహానుభావుడు!” విషపరీక్షల ల్యాబ్‌లో పెద్దమేడమ్ గ్రాఫ్ కాగితాన్ని బల్ల మీదకి విసిరేసింది. “నిద్రమాత్రలు, నొప్పి తెలీకుండా ఇచ్చే మందు, పైగా పశువులకిచ్చే మత్తు. పశువే మరి!”

అసిస్టెంట్ నవ్వలేదు. “చనిపోయిన కుర్రాడి నాన్న తెల్లారకముందే వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు మేడమ్. ‘వెళ్ళొస్తానని కూడా అనలేదు, తలుపు చప్పుడే విన్నాను’ అంటున్నాడు.”

“విన్నాడుట! కన్నవాడికి కళ్ళుండొద్దూ? మా వాడు తుమ్మితే నాకు తెలుస్తుంది.” ఫోన్ చెవికి ఆనించి, విసుగ్గా దించేసింది. “మూడుసార్లు చేశాను, ఇంకా లేవలేదు. రాత్రంతా చదువే పాపం. సరే, శుభ్రమైన రక్తం గ్రాఫ్ ఇలా తే. సంతకం పడేస్తాను.”

శవం రక్తంతో పాటు, ఏ మందూ లేని రక్తాన్ని కూడా యంత్రంలో నడిపి పోల్చడం అక్కడి పద్ధతి. ఆ శుభ్రమైన రక్తం సిబ్బందో, వాళ్ళ ఇంటివాళ్ళో ఇస్తారు. సీసా మీద అంకె తప్ప పేరుండదు. పేర్లున్న పుస్తకం అసిస్టెంట్ సొరుగులో ఉంటుంది.

అసిస్టెంట్ కాగితం అందించింది.

అందులోనూ అవే మూడు మందుల గీతలు.

“యంత్రం కడగలేదన్నమాట!”

“రెండుసార్లు కడిగాను మేడమ్. అదే అంకె ఉన్న ఇంకో సీసా తెరిచి కూడా చూశాను. ఇవే వచ్చాయి.”

పెద్దమేడమ్ ఆమెను ఎగాదిగా చూసింది. “ఓహో, నీదేనా ఆ రక్తం? అందుకా పొద్దుట్నుంచీ ముఖం వేలాడేసుకు తిరుగుతున్నావ్? నా ల్యాబ్‌లోనే ఈ వేషాలా!”

“నాది కాదు మేడమ్.”

“మరి ఎవర్ని వెనకేసుకొస్తున్నావ్? అటెండర్నా? డ్రైవర్నా? ఎవడైనా నాకొకటే. ఈ జాతి ఇవాళ కాకపోతే రేపు మన సీసాల్లోకి రావలసిందే. ఇప్పుడే పోలీసులకి ఫోన్ చేస్తున్నాను. చెప్పు, ఎవడు వాడు?”

అసిస్టెంట్ సొరుగు లాగి, పుస్తకం తీసి, ఆ అంకె దగ్గర తెరిచి ఆమె ముందు పెట్టింది.

“ముందు మీ అబ్బాయిని ఎవరిచేతైనా లేపించండి మేడమ్.”