అత్తగారి కొలతలు

ఆ వీధిలో చిన్నపిల్లలకు కూడా తెలిసిన సంగతి ఒకటుంది: చివరింటి అత్తగారి కీళ్ళు కోడలి బద్ధకానికి బలైపోయాయి.

సాక్ష్యాలకు కొదవ లేదు. కోడలి గది తలుపు తొమ్మిది దాటితేగాని తెరుచుకోదు. తల దువ్వుకునే ఓపిక లేక జుట్టు మెడదాకా కత్తిరించుకుంది. తడి దుప్పట్లు పిండేది అత్తగారు, దులిపి ఆరేసేదీ అత్తగారే. ఇన్నేళ్ళ చాకిరీ ఊరికే పోతుందా? ఇప్పుడు స్నానాలగది పగలగొట్టి, కీళ్ళవాతం మనిషికి వీలుగా మళ్ళీ కట్టిస్తున్నారు.

ఈ వృత్తాంతమంతా ఎదురింటావిడ తొలిరోజే, మేస్త్రి సిమెంటు బస్తా దింపేలోగా, పూసగుచ్చినట్టు చెప్పేసింది.

మేస్త్రి తల ఊపాడు. నిజానికి అతను నోటిమాట నమ్మే రకం కాదు. నమ్మి ఒకసారి చేతులు కాల్చుకున్నాడు. ఒక పెద్దాయన స్నానాలగదిలో పట్టుకునే రాడ్డును, ఆయన కొడుకు చెప్పిన ఎత్తులో బిగించాడు. అది ఆయన చేతికి అందలేదు. జారిపడి తుంటి విరగ్గొట్టుకున్నాడు. అప్పటినుంచీ మేస్త్రి మనిషిని కూర్చోబెట్టి, టేపు పట్టి కొలిస్తేగాని గోడకు చిల్లు పెట్టడు. తన చేతిపని వల్ల మరొకరు పడకూడదు. అంతే.

"కూర్చోండమ్మా," అన్నాడు ఇటుకలు పేర్చి.

"నేనా? ఎందుకు?"

"కమోడ్ ఎత్తు చూడాలి."

"పంతొమ్మిది అంగుళాలు. డాక్టరు చెప్పాడు. బిగించెయ్యి."

"డాక్టరు మందుకి కొలత చెప్పాలి. గోడకి నేను చెప్పాలి. కూర్చోండి."

అత్తగారు గొణుక్కుంటూ ఎక్కి కూర్చుంది. డెబ్భై ఏళ్ళ మనిషి, పొట్టి విగ్రహం. పాదాలు నేలకు ఆనలేదు. పిట్టగోడ మీద కూర్చున్న చిన్నపిల్లలా కాళ్ళు ఊపుతూ, "చాలా?" అంది.

మేస్త్రి ఒక వరుస ఇటుకలు తీసేశాడు. ఈసారి ఆమె చెయ్యైనా ఆనించకుండా రబ్బరు బంతిలా లేచింది.

"నొప్పి లేదూ?"

"నొప్పా? నీ మొహం!"

పౌరుషం, అనుకున్నాడు మేస్త్రి. వయసు మీదపడ్డవాళ్ళంతా ఇంతే. కాలు విరిగినా కర్ర అందుకోరు. ఆమె చెయ్యి చాపినప్పుడు వేళ్ళు ఆనినచోట గోడ మీద పెన్సిలుతో గీత గీశాడు. రాడ్డు అక్కడ రావాలి.

మర్నాడు వచ్చేసరికి గీత లేదు. తడిగుడ్డతో తుడిచేసి ఉంది. దానికి ఆరంగుళాలు పైన, వంకరగా, మరో గీత ఉంది.

మేస్త్రి దాన్ని చెరిపి తన గీత గీశాడు. మూడోనాటికి మళ్ళీ పై గీతే మిగిలింది.

కుళాయి దగ్గర ఇంకో పేచీ. ఆసుపత్రుల్లోలా మోచేత్తో తోసేది కావాలంది అత్తగారు. ఆ పూటే అతని రంగుడబ్బా మూత బిగుసుకుపోతే, లాక్కుని ఒక్క మెలికలో ఊడదీసి చేతిలో పెట్టింది.

"ఈ చేతులకా అమ్మా, మోచేతి కుళాయి?"

"నిన్ను టైల్సు అతికించమన్నాను, సందేహాలు కాదు."

హాల్లో కోడలు ఒళ్ళో పుస్తకం పెట్టుకుని కుర్చీలో కూర్చునుంది. అత్తగారే టీ తెచ్చి ఇచ్చింది. కోడలు కప్పును రెండు అరచేతుల మధ్యా పెట్టుకుని తాపీగా తాగింది. మేస్త్రికి ఒళ్ళు మండింది.

"కొందరిది అదృష్టం," అన్నాడు గోడతో చెబుతున్నట్టు. "కూర్చున్నచోటికే అన్నీ వస్తాయి."

కోడలు నవ్వింది. "నిజమేనండీ. మా అత్తయ్య దొరకడం అదృష్టమే."

సిగ్గుకూడా లేదు, అనుకున్నాడు.

శనివారం పొద్దున్నే మేస్త్రి డ్రిల్లింగు మిషను చేతికి తీసుకుని, కింది గీత మళ్ళీ గీసి దాని మీద ఆనించాడు. అత్తగారు మేడమీంచి ధడధడా మెట్లు దిగి వచ్చి అడ్డం నిలబడింది.

"పైన పెట్టమన్నానా!"

"పైన పెడితే మీరు దానికి వేలాడాలి."

"వేలాడితే నీకేం?"

"పడితే నాకే!" మేస్త్రి మిషను కిందికి దించాడు. "ఒకాయన పడ్డాడమ్మా. ఆ కేక ఇంకా నా చెవుల్లోనే ఉంది. కావాలంటే మరో మేస్త్రిని పిలిపించుకోండి. తప్పు కొలతకి మాత్రం నేను చిల్లు పెట్టను. వాడే మనిషి కూర్చోవాలి, చెయ్యి చాపాలి, నేను కళ్ళారా చూడాలి."

అత్తగారు అతన్ని ఎగాదిగా చూసింది. వారం రోజుల్లో మొదటిసారి ఆమె మొహంలో కోపం కరిగింది.

"ఇంత చాదస్తపు మనిషివి, అడగాల్సిన మాట ఒక్కటీ అడగలేదే!" అంది. "సరే, తొమ్మిదిన్నర కానీ."

"ఇప్పుడు ఎనిమిదేగా?"

"పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోయి ఉంటాయి. ఇప్పుడు కొలిస్తే నీకు వచ్చేది తప్పు కొలతే."

రెండేసి మెట్లు దూకుతూ వచ్చిన మనిషి ఆ మాట అనేసరికి మేస్త్రికి నవ్వాగలేదు. అయినా కొలత కొలతే. మిషను పక్కన పెట్టి, కాళ్ళు చాపుకుని, గంటన్నర సేపు గోడకు జేరగిలబడి కూర్చున్నాడు.

తొమ్మిదిన్నరకు అత్తగారు వెళ్ళి లోపలి గది తలుపు మెల్లగా తట్టింది.

ఆ ఇంట్లో కీళ్ళవాతం ఉన్నది అత్తగారికి కాదు, ముప్ఫైయొక్కేళ్ళ కోడలికి.