సగం మాట

తడిగుడ్డతో తలుపు మీది అక్షరాలను తుడిచేస్తున్న భర్తను చూసి, ఆమె కుట్టుమిషను ముందు నుంచి ఒక్క ఉదుటున లేచింది.

"అయ్యయ్యో, ఏం చేస్తున్నారండీ! పొద్దున్నే కదా మళ్ళీ దిద్దాను!"

"రంగు వేయించాలి," అన్నాడు వెనక్కి తిరగకుండానే.

"ఇన్నాళ్ళూ నేను మొత్తుకుంటే వినపడనిది ఇవాళ వినపడిందా? అయినా ఈ వేళప్పుడు ఇంట్లో ఏం చేస్తున్నారు? కొట్టు తెరవలేదా?"

"తెరిచి ఈగలు తోలుకోవాలా?"

గోడ మీద 'గోడ', కిటికీ మీద 'కిటికీ', మిషను మీద 'మిషను'. బట్టల మీద గుర్తులు గీసే సుద్దముక్కతో ఇంట్లో ప్రతిదాని మీదా దాని పేరు రాసిపెట్టింది ఆమె. అంతా కూతురి కోసం. నోరు తెరిస్తే మూయదు గనక ఆ పిల్లను ఇంట్లో 'పిట్ట' అంటారు. అంత వాగుడుకాయ కూడా అక్షరాల దగ్గరికొచ్చేసరికి నీళ్ళు నములుతుంది. నెలాఖరులోగా నాలుగు మాటలు కూడబలుక్కుని చదవకపోతే మళ్ళీ చిన్నపిల్లల తరగతిలో కూర్చోబెడతామని టీచరు మొహమ్మీదే చెప్పేసింది. ఆ మాట విన్నప్పటి నుంచి ఆమెకు సూదిలో దారం ఎక్కడం లేదు.

"నిన్న బయటి గోడ మీద 'ఇల్లు' చెరిపేశారు. ఇవాళ తలుపు. దాని చదువు మీద నీళ్ళు పోయడానికే కంకణం కట్టుకున్నారా?"

"ఎవరైనా వచ్చి చూస్తే బాగుంటుందా, గోడల నిండా ఈ గీతలు?"

"మనింటికి వచ్చి చూసేదెవరు?"

అతను గుడ్డ పిండుకున్నాడు.

పిట్ట వచ్చి తడి తలుపును వేలితో ముట్టుకుంది. "నాన్నా, ఇప్పుడు తలుపుకి పేరు లేదు," అంది జాలిగా.

"ఉందిలే, ఇంకా కనపడుతోంది. ఏదీ, చదువు." ఆమె కూతురి వేలు పట్టుకుని చెరిగీ చెరగని గీతల కింద పెట్టింది.

"త... ల... తల!" పిట్ట రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది.

"తల కాదే. ల కి కొమ్ముంది చూడు. పక్కన ఇంకో అక్షరం ఉందా లేదా? సగం చదివి మిగతాది నీ ఇష్టమొచ్చినట్టు కల్పించుకుంటే ఎలా? మాట చివరిదాకా చదవాలి."

"తల... తలనొప్పి!"

నవ్వు రావాల్సిన చోట ఆమెకు ఏడుపొచ్చింది. చెయ్యెత్తింది. అతను ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"వదిలెయ్. ఎక్కడికెళ్ళినా నేర్చుకుంటుంది."

"ఎక్కడికెళ్తుంది? సొంతింట్లో, తల్లి పక్కన రాని చదువు ఇంకెక్కడొస్తుంది?"

అతను ఆమె కళ్ళలోకి చూడలేదు. మెట్ల కింద నుంచి తీగచుట్ట, పట్టుకారు తీసుకుని గేటు వైపు వెళ్ళాడు. పిట్ట గెంతుకుంటూ వెంటపడింది. కాసేపటికి గేటు దగ్గర టకటకమని చప్పుడు.

'కిర్రుమనే గేటుకు ఇన్నాళ్ళకు మోక్షం వచ్చిందన్నమాట,' అనుకుంటూ ఆమె మళ్ళీ మిషను ముందు కూర్చుంది. కుట్టింది వంకరపోయింది. విప్పి మళ్ళీ కుట్టింది. మళ్ళీ వంకరే.

"అమ్మా! అమ్మా! చదివేశా! ఎవ్వరూ చెప్పలేదు, నేనే చదివేశా!" పిట్ట రొప్పుకుంటూ వచ్చి ఒళ్ళో పడింది.

"ఏం చదివావే?"

"నాన్న గేటుకి బోర్డు కట్టాడు. ఎర్రగా, ఇంతింత అక్షరాలు! ఈ... ఇల్లు... అమ్మ!" పిట్ట ఊపిరి తీసుకుంది. "తలుపు మీద తలుపు పేరు రాశావు కదా, అలాగే ఇంటి మీద నీ పేరు రాశాడు నాన్న. ఈ ఇల్లు అమ్మది అని!"

ఆమె చేతిలోని గుడ్డ జారిపోయింది. చెరపొద్దని తాను అంతలేసి మాటలన్నా పడ్డ మనిషి, నోటితో ఒక్క మంచిమాట చెప్పడం చేతకాక, ఏకంగా బోర్డే రాయించుకొచ్చాడా! అందుకేనా ఇన్ని రోజులుగా ఆ ముభావం? కూతురిని ఎత్తుకుని బుగ్గలు తడిసేలా ముద్దులు పెట్టింది.

"మూడు మాటలే! నా తల్లే, నా బంగారమే! ఇప్పుడేమంటుందో అడుగుతా మీ టీచరమ్మని!"

పిల్లను చంకనేసుకుని చెప్పులైనా వేసుకోకుండా బయటికి పరుగెత్తింది. "ఏమండీ, విన్నారా! మీరు రాసింది చదివేసిందండీ!"

అతను పట్టుకారు చేతిలో పట్టుకుని గేటు పక్కన నిలబడి ఉన్నాడు. తల ఎత్తలేదు.

పిట్ట చంక దిగి బోర్డు మీద వేలు పెట్టింది. "ఇంకా కొంచెం ఉందమ్మా, నాకు రాలేదు. సగంలో ఆపకూడదన్నావుగా. నువ్వు చదువు."

నవ్వుతూనే వంగి, కూతురి వేలి వెంబడే, ఆమె మాట చివరిదాకా చదివింది.

"ఈ ఇల్లు అమ్మబడును."