రెండంగుళాలు

“దించమంటే దించుతాను గానీ సర్వేయరు గారూ, ఇది కుర్రాళ్ళ సరదా కదా. మీకెందుకండీ?” అన్నాడు మెకానిక్, కారు కిందనుంచి తల బయటపెట్టి.

రిటైరైన ఆ సర్వేయరు కారు వెనక్కి నడిచారు. జేబులోంచి టేపు తీసి, వెనక తలుపు దగ్గర వంగి, నేల నుంచి సీటు అంచు దాకా కొలిచారు. ఇరవై మూడంగుళాలు.

“ఇరవై ఒకటి కావాలి,” అన్నారు.

“ఒక అరంగుళం అటూ ఇటూ అయితే?”

“వద్దు. ఇరవై ఒకటే.”

మెకానిక్ నవ్వుకుంటూ పనిలో పడ్డాడు. వీధి చివర మలుపు తిరిగే బండి చప్పుడు విని, దాని జబ్బేమిటో చెప్పగలిగినవాడు. సాయంత్రానికల్లా పొట్టి స్ప్రింగులు వేసి ఇరవై ఒకటికి తెచ్చాడు. సర్వేయరు మూడుసార్లు కొలుచుకుని మురిసిపోయారు. ఎందుకైనా మంచిదని మెకానిక్ వెనక సీటు నిండా సామాన్ల పెట్టెలు పెట్టి, నాలుగు వీధులు తిప్పుకొచ్చాడు. ఈసారి టేపు మళ్ళీ ఇరవై మూడు చూపించింది.

అతను కారు కింద దూరి, చాలాసేపు వెతికి, అసలు సంగతి బయటపెట్టాడు. ఈ కారు వెనక షాకబ్జార్బర్లు మామూలువి కావు. బరువుకి బండి కుంగితే చాలు, దారిలో తగిలే కుదుపులతోనే లోపలి నూనెను పంపులా తోసుకుని మళ్ళీ పాత ఎత్తుకి లేస్తాయి.

“రోషం గల బండండీ. ఎంతమంది కూర్చున్నా నడుం వంచదు,” అన్నాడు. “అయినా ఎక్కేటప్పుడు ఇరవై ఒకటే ఉంటుందిగా. సర్దుకుపోండి.”

“దిగేటప్పుడో? ఇరవై మూడు నుంచి ఆవిడని దూకమనాలా?”

మెకానిక్ చేతిలో స్పానర్ ఆగింది. “ఆవిడెవరు?”

సర్వేయరు స్టూలు మీద కూర్చున్నారు. మెకానిక్ ఇంటి నుంచి తెచ్చుకున్న ఫ్లాస్కులోంచి టీ పోసిచ్చాడు. అది చల్లారేలోగా మాటలు ఒక్కొక్కటే వచ్చాయి. భార్య పోయి ఏడేళ్ళయింది. పొద్దుటిపూట లైబ్రరీలో పేపరు చదవడం అలవాటు. ఆవిడా అక్కడికే వస్తుంది. మెట్లు పక్కకి తిరిగి ఎక్కుతుంది, కుడి మోకాలు సరిగ్గా వంగదు కాబట్టి. ఒకరోజు ఏటి ఒడ్డుకి వెళ్ళొద్దామని ఈయన కారు తలుపు తెరిచారు. ఆవిడ కాలెత్తబోయి, మళ్ళీ నేలమీదే పెట్టి, ఇంకోసారి చూద్దాం అంటూ నవ్వి ఇంటికి నడిచి వెళ్ళిపోయింది. నడవగలిగినంత దూరమే ఇప్పుడు ఆవిడ ఊరు.

“చెయ్యి అందించాల్సింది,” అన్నాడు మెకానిక్.

“అందించాను. చెయ్యి అలవాటైతే కాలు బద్ధకిస్తుంది అంది.”

“గట్టి మనిషే.”

“లైబ్రరీ బయట రాతిబల్ల మీద మాత్రం తనే కూర్చుని తనే లేస్తుంది. ఆవిడ వెళ్ళాక దాని ఎత్తు కొలిచాను.”

ఆ ఎత్తెంతో మెకానిక్ అడగలేదు. ముందు సీటులో కూర్చోబెట్టుకోవచ్చు కదా అన్నాడు. వెనకైతే సీటు మీద అడ్డంగా కాలు చాపుకోవచ్చన్నారు సర్వేయరు.

“ఇంట్లోవాళ్ళు చూపించరా ఆ మోకాలు?”

“కొడుకొక్కడే. అతనికి తెలియదు.”

“తల్లి కాలు ఈడుస్తుంటే తెలియదా? కళ్ళు ఏ అటక మీద పెట్టాడండీ ఆ మహానుభావుడు?”

“మంచివాడే, బాబూ. పొద్దున్న పోతే దీపాలవేళకి వస్తాడు. అతను ఇంట్లో ఉన్నంతసేపూ ఆవిడ కుర్చీ దిగదు. తెలిస్తే పని మానుకుని తన చుట్టూ తిరుగుతాడని భయం.”

మెకానిక్ ఫ్లాస్కు మూత పెట్టేసి లేచాడు. మామూలు షాకబ్జార్బర్లూ, బరువుకి కుంగని గట్టి పొట్టి స్ప్రింగులూ ఎక్కడ దొరుకుతాయో వాకబు చేసి తెప్పించాడు. ఆ రెండు రోజులూ సర్వేయరు వచ్చి అదే స్టూలు మీద కూర్చున్నారు. మెకానిక్ ఆయనకి పెళ్ళికొడుకు గారని పేరు పెట్టాడు. ఆయన సిగ్గుపడ్డారే గానీ కాదనలేదు. ఆవిడని అడిగేశానని కూడా చెప్పారు. తనకి ఇష్టమేననీ, కొడుకు కూడా సరేనంటేనే ఈ కారెక్కుతాననీ, ఆ మాట మాత్రం మీరే అడగాలనీ అందట.

“మరి అడిగారా?”

“ఎదురుగా కూర్చుంటే నోరు పెగలడం లేదు. కాదంటే ఆవిడ మళ్ళీ లైబ్రరీకి కూడా రాదేమో.”

“కాదంటే నా దగ్గరికి పంపండి. తల్లికి తోడు దొరికితే అడ్డుపడేవాడు కొడుకేనా? నాలుగు చీవాట్లు పెట్టి పంపిస్తాను.”

మూడోనాటి మధ్యాహ్నానికి పని పూర్తయింది. పెట్టెల పక్కన మెకానిక్ తనే ఇరుక్కుని కూర్చున్నాడు. సర్వేయరు ఊరంతా తిప్పి తీసుకొచ్చారు. టేపు ఇరవై ఒకటి దగ్గర ఆగింది. మెకానిక్ కుడికాలు కర్రలా బిగబట్టి, తలుపు పట్టుకోకుండా, మెల్లగా జరిగి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దిగాడు.

“దిగొచ్చు,” అన్నాడు. “ఎవరి చెయ్యీ అక్కర్లేదు. ఇంక తిన్నగా వెళ్ళి ఆ కొడుకుని అడగండి. ఇవాళే.”

సర్వేయరు తాళంచెవి అందుకున్నారు గానీ కారెక్కలేదు. కళ్ళజోడు తుడిచి పెట్టుకుని, అతని ఎదుట నిలబడి, గొంతు సవరించుకున్నారు.

“మీ అమ్మగారిని నాతో పంపుతావా, బాబూ?”